చెరువుకట్టకు పోవుటకు ముందు

నైలునది పొడవు 6,650 కిలోమీటర్లని మనము తడుముకొనక చెప్పగలము. దక్షిణపినాకిని నందికొండలలో పుట్టి మన హోసూరు ప్రక్కగా పారునని చదివితిమి. కాని మన ఊరి చెరువునకు నీరు ఏ దిక్కునుండి వచ్చునో ఎరుగము. ఇట్టి భూగోళ విద్య సగము విద్యయే యని మా అభిప్రాయము.

నిరుడు మేమొక చెరువునకు పోయితిమి. పులిహోర తింటిమి, ఛాయాచిత్రములు తీసికొంటిమి, తిరిగి వచ్చితిమి. ఏమి తెలిసికొంటిరని ఇంటివద్ద అడుగగా బదులు లేకపోయెను. లోపము చెరువుది కాదు. మేము ప్రశ్న లేక పోయితిమి.

కావున ఈ యేడు ప్రశ్నను ముందుగా నిర్ణయించుకొనవలెను. "చెరువును గూర్చి" యనుట ప్రశ్న కాదు. "ఆయకట్టు చివరి మళ్లకు నీరేల చాలుట లేదు?" అనునది ప్రశ్న, దానిని కొలిచి చూడవచ్చును. తొలుత భారత సర్వేశాఖవారి పటమున చెరువును, వాగులను గుర్తింపవలెను. 50,000కు 1 మానముగల ఆ పటమున 2 సెంటీమీటర్లు నేలపై 1 కిలోమీటరు. పిమ్మట మూడు జట్లు కావలెను. మొదటి జట్టు కట్టవెంట, కాలువవెంట నడచి పటము గీయును. రెండవ జట్టు తూమువద్ద, నడుమ, చివర కాలువలో పుల్లను విడిచి, 10 మీటర్లు ఎన్ని సెకనులలో పోవునో మూడేసిమార్లు చూచి సగటు కట్టును. ఆ వేగమును కాలువ వెడల్పుతోను లోతుతోను గుణించిన, పారు నీరెంతయో సుమారుగా తెలియును. మూడవ జట్టు రైతుల నడుగును.

ఈ మూడవ పనియందే మన భాషకు చోటున్నది. మన తూము కన్నడమున తూబు, తమిళమున మదగు. మన అలుగు వారికి కోడి, కలింగు. మన తాతలు ఈ మాటలన్నియు నెరుగుదురు. మనలో పలువురకు తెలుగుమాటయే తెలియదు. పుస్తకములోని తెలుగు పరీక్షతో ముగియవచ్చును. పొలములోని తెలుగు మనము అడిగిననే మిగులును.

పరీక్షల యేట ఈ తిరుగుడేల యని తల్లిదండ్రు లడుగుదురు. వారి భయము న్యాయమే. రెండు శనివారములు చాలును. ఉపాధ్యాయులు వెంట నుందురు. ఎవరును చెరువులో దిగరాదు. అనుమతి నిండు, వీలైన తాతగారిని వెంట పంపుడు. మేము నివేదికను తెలుగునను తమిళమునను వ్రాసి పంచాయతీవారి కిత్తుము. బదులు మేమనుకొన్నట్లు రాకున్నను, వచ్చినది వచ్చినట్లే వ్రాయుదుము.