పందిరి కదలదు, పంట మారాలి

మన కళాశాలలో ఉర్దూ మాట్లాడే విద్యార్థి ఇంట సొరకాయ కద్దూ, గుమ్మడికాయ మీఠా కద్దూ. తెలుగింట సొర వేరు, గుమ్మడి వేరు. బీర, కాకర, పొట్ల, దోస అన్నీ వేర్వేరు. తెలుగు బోధకుడినైన నాకు మన పదసంపద పట్ల పక్షపాతం సహజమే. అయినా ఈ ఒక్క విషయంలో ఉర్దూ పిలుపే శాస్త్రానికి సమీపంగా ఉన్నదని ఒప్పుకోవలసియున్నది. ఇవన్నీ ఒకే కుటుంబపు తీగలు. బీర తీసి కాకర పెట్టిన రైతు తాను పంట మార్చినాననుకొంటాడు. నేల అలా అనుకోదు.

ఈ కుటుంబపు పంటలనే వెంటవెంట వేసిన మడిలో వేరుముడి నులిపురుగు పెరుగుతుంది. ఎండుతెగులు శిలీంధ్రాలు మట్టిలో ఏళ్ళ తరబడి నిలిచియుంటాయి. కుళ్ళి రాలిన కాయలోని పండుఈగ పురుగు మట్టిలోకి దిగి, మళ్ళీ ఈగయై లేస్తుంది. అందుచేతనే ఒకే మడిలో తీగకూరలకు రెండు మూడేళ్ళ వ్యవధి అవసరం. అయితే పంటమార్పిడి సర్వరోగ నివారిణి కాదు. బూడిద తెగులు గాలిలో వస్తుంది. పొరుగు చేని పండుఈగకు గట్టు అడ్డం కాదు. పోనీ టమాట, వంగ, బెండ వేద్దామన్నా నులిపురుగుకు అవీ ఆహారమే.

పూర్వం మన మెట్టచేలల్లో జొన్న, మొక్కజొన్నల నడుమ అక్కడక్కడ గుమ్మడి, దోస పాదులుండేవి. పక్కన కంది, అనుము సాళ్ళుండేవి. చేను మారితే పాదూ మారేది. గుమ్మడి అమెరికా ఖండం నుండి వచ్చినదని మనలో చాలామందికి తెలియదు. బూడిద గుమ్మడి మాత్రం ఆసియాదే. అమెరికా ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. చిక్కుడు మొక్కజొన్న కాండాన్ని పట్టుకొని ఎక్కేది, గుమ్మడి ఆకు నేలను కప్పి తేమ కాపాడేది. సముద్రాలు దాటి వచ్చిన మొక్కజొన్న, గుమ్మడి మన ఎర్ర చల్క నేలల్లో మళ్ళీ కలుసుకొన్నాయి. చిక్కుడు స్థానంలో కంది, అనుము నిలిచాయి.

ఇప్పుడు రాతికడీలు పాతి, ఇనుపతీగ లాగి శాశ్వత పందిళ్ళు వేస్తున్నారు. కాయ నేలకు తగలదు, వంకర పోదు, మంచి ధర పలుకుతుంది. కాని పందిరి కదలదు. పెట్టుబడి తిరిగి రావాలంటే దానిపై ఏదో ఒక తీగ పాకుతూనే ఉండాలి. అదే పందిరికి ఒక పంటకాలం తీగచిక్కుడు ఎక్కించవచ్చును. కుటుంబం వేరు, పైగా నేలకు నత్రజని. చిక్కుడుకూ నులిపురుగు పట్టవచ్చును కనుక, ఆ తరువాత పందిరి క్రింద బంతి నాటాలి. బంతి వేరు నులిపురుగును తగ్గిస్తుంది. బతుకమ్మ నాటికి పూస్తే పూలకూ గిరాకీయే. నడుమ ఒకసారి జనుము చల్లి పూతదశలో కలియదున్నితే చల్కనేలకు అంతకు మించిన మేలు లేదు.

ఇదంతా రైతుకు తెలియదా? తెలుసు. అసలు చిక్కు కౌలులో ఉన్నది. కౌలు చాలావరకు నోటిమాట, ఏడాది గడువు. కలియదున్నిన జనుము సత్తువ వచ్చే యేడు మరొకరికి పోతుందని తెలిసినవాడు జనుమెందుకు చల్లుతాడు? రైతుకు జ్ఞానం లేదని వేదికలపై ఉపన్యాసాలిస్తాము. లేనిది జ్ఞానం కాదు, గడువు. 2018లో ప్రారంభమైన రైతుబంధు కూడ ఎకరానికి పంటకాలానికి 4000 రూపాయలు పట్టాదారుకే ఇచ్చింది, కౌలుదారుకివ్వలేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చినది మొదలు, కాగితం వ్రాయడమంటే భూస్వామికి భయం. ఆ భయం అర్థం చేసికోదగినదే. కాని నిస్సారమైన నేల చివరకు మిగిలేది ఎవరికి? ఆ భూస్వామికే. మన విద్యార్థులలో పట్టాదారుల పిల్లలున్నారు, కౌలుదారుల పిల్లలున్నారు. తండ్రులతో మూడేళ్ళ వ్రాతపూర్వక కౌలు గురించి మాట్లాడగలిగినవారు మీరే.

కళాశాల పాలకవర్గానికొక విన్నపం. భవనం వెనుక ఖాళీస్థలంలో నాలుగు మడులు ఇప్పించండి. ఒకదానిలో ఏటా తీగకూరలే, మిగిలిన మూడింటిలో మార్పిడి. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి, ఏ మడిలో ఎన్ని కాయలు కాసినదీ రెండు లిపులలోనూ వ్రాసి పెడతారు. ఉద్యానవన విశ్వవిద్యాలయం మన జిల్లాలోని ములుగులోనే ఉన్నది. సలహాకు దూరం పోనక్కరలేదు. మా పెరటిలో ఒకే గుంతలో మూడేళ్ళు గుమ్మడి పెట్టి, మూడవ యేడు పిందెదశలోనే తీగ వాడిపోవడం చూచినవాడిని. మొదటి మడికి గింజలు నేను తెస్తాను.