కాంటా ఎవరి చేతిలో వుంది?

రాసినదానికి డబ్బు అడగడం తప్పా? తెలుగు సాహిత్యంలో ఇది కొత్త ప్రశ్న కాదు. కాని గడిచిన పదేళ్లలో దానికి కొత్త రూపం వచ్చింది. సెల్‌ఫోనులో చదివే కథకు, వ్యాసానికి, ధారావాహికకు చదువరుల లెక్కన రచయితకు డబ్బు ముట్టజెప్పే సంస్థలు పుట్టుకొచ్చాయి. వేలమంది తెలుగు రచయితలు, వారిలో ఎందరో స్త్రీలు, వాటిలో చేరారు. ఈ పరిణామాన్ని గురించి మన సాహిత్య సభల్లో రెండు స్వరాలే వినబడుతున్నాయి. ఒకటి తిరస్కారం, రెండవది జయజయధ్వానం. రెండూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయని నా అభియోగం.

తిరస్కరించేవారు ముందుగా పోతనను సాక్ష్యానికి పిలుస్తారు. బమ్మెర మా ఓరుగల్లు సీమలోదే గనక ఇక్కడ ఆ సాక్ష్యానికి గిరాకీ మరీ ఎక్కువ. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వని మహాకవి పుట్టిన నేల మీద కథకు ఇంత అని బేరమాడతారా అని వారి ఆక్షేపణ. ఈ వాదంలో ఒక గారడీ వుంది. పోతన కాదన్నది ప్రభువు పోషణను, తన కావ్యం మీద మరొకరి యాజమాన్యాన్ని. పనిచేసినవాడు కూలి అడగరాదని ఆయన అనలేదు. పోతన హాలికుడని లోకం చెప్పుకుంటుంది. పండించిన గింజకు ధర అడిగే హక్కు హాలికుడికి లేదని ఎవరైనా అంటారా?

ఒక వాణిజ్య పత్రిక అచ్చయితే కాగితం వర్తకుడికి డబ్బు ముడుతుంది. అచ్చు కార్మికుడికి ముడుతుంది. తపాలా శాఖకు ముడుతుంది. రచయిత దగ్గరకు వచ్చేసరికి మాత్రం సరస్వతి అడ్డం వస్తుంది! లాభం ఆశించకుండా చందాలతో నడిచే చిన్న పత్రికల సంగతి వేరు. అక్కడ ఎవరూ మిగుల్చుకోవడం లేదు గనక ఎవరూ ఎవరికీ బాకీ లేరు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుని తిరిగి అమ్మారు. అది త్యాగం. ఇతరుల లాభం కోసం మనచేత చేయించే వెట్టికి ఆ పేరు తగదు. నెల తిరగగానే జీతం అందుకునే పెద్దలు, జీతం లేని రచయితకు నిష్కామకర్మ బోధించడం వినడానికి సొంపుగా లేదు.

ఇక రెండవ స్వరం. సంపాదకుడి గుమ్మం ముందు పడిగాపులు పోయాయి, కులమూ వూరూ సిఫారసూ అక్కరలేదు, పాఠకుడే న్యాయనిర్ణేత, ఇదే సాహిత్యంలో ప్రజాస్వామ్యం అని వీరంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అమెరికాలోని తెలుగువారు 1998లో ‘ఈమాట’ను ఇంటర్నెట్ పత్రికగా ప్రారంభించారు. ఆ తరువాతి దశాబ్దంలో తెలుగు బ్లాగులు వెల్లువెత్తాయి. వాటిలో మంచి వచనం పుట్టింది, మంచి తగాదాలు కూడా నడిచాయి. కాని అదంతా ఉచితసేవ. గూగుల్ వారి ఆడ్‌సెన్స్ ప్రకటనల పథకం తెలుగును గుర్తించింది 2018లో. అమెజాన్ కిండిల్ 2016 చివర హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు తలుపు తెరిచినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. ఈ కరువుకాలంలో, 2014లో మొదలైన బెంగుళూరు సంస్థ ‘ప్రతిలిపి’ వంటి వేదికలు తెలుగులో రాసుకునే చోటు చూపాయి. ఆపైన పాఠకుల నుండి చందా తీసుకుని రచయితకు కొంత ముట్టజెప్పే పద్ధతులూ వచ్చాయి. ఈ మేలును కాదనడం అన్యాయం. అయితే తలుపు తెరవడం వేరు, లెక్క చూపడం వేరు. మన ఉత్సాహవంతులు మొదటిదాన్ని చూసి రెండవదాన్ని మరిచిపోయారు.

నేనూ అటువంటి ఒక సంస్థలో చేరాను. అది పైన పేర్కొన్నవాటిలోది కాదు, చిన్నది, పేరు అనవసరం. హనుమకొండలో ఒక కళాశాలలో గంటల లెక్కన పాఠం చెబుతాను. ఎండాకాలం తరగతులు వుండవు, కాబట్టి రాబడీ వుండదు. కలం వుంది గదా అని ఒక వేసవిలో చేరాను. చేరిన నిమిషంలోనే ‘మా కుటుంబంలోకి స్వాగతం’ అని సందేశం వచ్చింది. పాఖాల, రామప్ప చెరువుల గురించి రెండు, మా ప్రాంతపు గ్రంథాలయోద్యమం గురించి రెండు వ్యాసాలు రాశాను. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లోనే వెలసిందన్న సంగతి ఈ వూరి యువకులకు చెప్పాలని నా తాపత్రయం. మూడు నెలలకు నా ఖాతాలో చేరినది 86 రూపాయలు. 500 నిండితేగాని అది బ్యాంకుకు రాదు.

తక్కువ వచ్చిందని నా ఫిర్యాదు కాదు. చెరువుల చరిత్ర చదివేవారు కొద్దిమందే అయితే, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. ఆ 86 రూపాయలు ఎలా అయ్యాయో తెలుసుకోవాలనుకున్నాను. ఎంతమంది చదివితే ఎన్ని పైసలు? సగం చదివి వదిలేస్తే లెక్కకు వస్తుందా? చందా కట్టినవాడు చదివితే ఎంత, కట్టనివాడు చదివితే ఎంత? రాసి అడిగాను. ‘మీ రచనా ప్రయాణానికి అభినందనలు. రోజుకొక భాగం చొప్పున కనీసం 60 భాగాల ధారావాహిక రాయండి, ఆదాయం పెరుగుతుంది’ అని జవాబు వచ్చింది. లెక్క అడిగితే సలహా దొరికింది!

నా సంగతి చిన్నది. మా వీధిలో వుండే ఒక అక్క సంగతి చిన్నది కాదు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోయిన మనిషి. పిల్లలు నిద్రపోయాక, గిన్నెలు తోమి, ఫోనులో బొటనవేలితో రాస్తుంది. అదే సంస్థలో ఆమె ధారావాహిక 140 భాగాలు దాటింది. అందులో అత్తగారి కుట్రలు వున్నాయి, విడిపోయి కలిసే దంపతులు వున్నారు. వాటి నడుమ బిడ్డ ఫీజు కోసం చెవికమ్మలు తాకట్టు పెట్టబోయి, సేటు దుకాణం మెట్ల మీద ఆగిపోయిన ఒక తల్లి కూడా వుంది. ఆ భాగం తరగతిలో చదివి వినిపించదగినది. ఒక నెల ఆమెకు 4,000 రూపాయలు వచ్చాయి. తన పేర వున్న బ్యాంకు ఖాతాలో తన కష్టం మీద పడిన మొదటి డబ్బు అది. దాన్ని ‘చవకబారు రచనకు వచ్చిన చిల్లర’ అనే విమర్శకుడికి చవక అంటే ఏమిటో తెలియదు.

తరువాతి నెల అదే రచన, అదే క్రమం, తెర మీద కనిపించే చదువరుల సంఖ్య కూడా దాదాపు అదే. డబ్బు మాత్రం సగానికి పడిపోయింది. కారణం వెతికితే ‘చెల్లింపు విధానాన్ని మెరుగుపరిచాం’ అన్న ఒక్క వాక్యం కనిపించింది. ఎవరికి మెరుగు? ఎంత మెరుగు? ఆ అక్క నాతో అన్నమాట ఇది: “పైసలు తక్కువైతే తక్కువైనయి తమ్మీ, ఎందుకు తక్కువైనయో చెప్పాలె గద!” మన పెద్ద సభల్లో గంటల తరబడి సాగే ఉపన్యాసాలకంటె ఈ ఒక్క మాటలో ఎక్కువ రాజకీయార్థశాస్త్రం వుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే రైతుకు న్యాయమే జరుగుతుందని ఎవరూ అనరు. తేమ వుందని ఒక కోత, తాలు వుందని ఒక కోత, తరుగు పేర మరొక కోత. అయినా కాంటా రైతు కళ్లెదుట వుంటుంది. దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర వుండాలి. అనుమానం వస్తే మరోసారి తూయమని రైతు నిలదీయవచ్చు. పదిమంది కూడితే గేటు ముందు కూర్చోవచ్చు. రచయిత శ్రమను తూచే కాంటా మాత్రం ఎక్కడో కంప్యూటర్లలో, కంటికి ఆనకుండా తిరుగుతుంది. దాని మీద ఏ శాఖ ముద్రా లేదు. తూచేవాడు, ధర కట్టేవాడు, కొనేవాడు, అమ్మేవాడు – అందరూ ఒక్కడే. ఇటువంటి బజారును మన రైతు ఒక్క రోజు కూడా సహించడు. చదువుకున్న మనం దీన్ని ప్రజాస్వామ్యం అంటున్నాం.

ఇది మన వూరికో మన భాషకో పరిమితమైన రోగం కాదు. అమెజాన్ సంస్థ 2015 జూలైలో తన కిండిల్ అన్‌లిమిటెడ్ పథకంలో చదివిన పేజీల లెక్కన చెల్లింపు ప్రారంభించింది. ఏ నెల నిధి ఎంత అన్నది నిర్ణయించేది ఆ సంస్థే. అమెరికాలోని ‘మీడియం’ 2017లో రచయితలకు చెల్లింపు మొదలుపెట్టి, ముందు పాఠకుల చప్పట్లను కొలబద్దగా తీసుకుంది. 2019లో చదివిన సమయాన్ని కొలబద్ద చేసింది. కొలబద్ద మారినప్పుడు రచన విలువ మారిందా? లేదు. మారింది యజమాని అవసరం.

కొలబద్ద మారితే కూలి ఒక్కటే మారదు, రచన కూడా మారుతుంది. భాగాల సంఖ్యను బట్టి డబ్బు వస్తే పది భాగాల కథ వంద భాగాలవుతుంది. ప్రతి భాగం చివరా ఎవరో తలుపు తట్టాలి, లేదా ఎవరో స్పృహతప్పాలి. వారపత్రికల ధారావాహికలలో మాత్రం ఈ వూరింపు లేదా అని మిత్రులు అడగవచ్చు. వుంది. తెలుగు నవల అరవైల నుండి ఎనభైల దాకా దానిమీదే నడిచింది. కాని పారితోషికం చిన్నదో పెద్దదో, ఇంత అని అప్పటి రచయితకు చెప్పే సంపాదకుడు ఒకడుండేవాడు. చెప్పకపోతే వెళ్లి అడగడానికి ఒక కార్యాలయం వుండేది. నేటి రచయిత రాశాక, పాఠకులు చదివాక, డబ్బు వచ్చాక కూడా తన ధర తెలియనివాడు. చీకట్లో వున్నవాడు వెలుతురు వున్నవైపే నడుస్తాడు. నిన్న దేనికి డబ్బు వచ్చిందో నేడు దాన్నే రాస్తాడు. అభిరుచి పతనమైందని పాఠకుణ్ణి తిట్టే విమర్శకులు ముందుగా ఈ చీకటిని విమర్శించాలి.

ఈ సంస్థలు తమను కుటుంబం అనీ, సముదాయం అనీ పిలుచుకోవడంలో ఒక వ్యూహం వుంది. కుటుంబంలో లెక్క అడిగినవాడు ద్రోహి. సంఘంలో లెక్క అడగనివాడు ద్రోహి! 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు సమావేశమైనప్పుడు తమను కుటుంబం అనుకోలేదు, సంఘం అనుకున్నారు. సంఘంలో సభ్యుడికి ఓటు వుంటుంది, ప్రశ్న వుంటుంది, జమాఖర్చు చూసే హక్కు వుంటుంది. బ్యాడ్జీలు, బిరుదులు, పుట్టినరోజు శుభాకాంక్షలు ఎన్ని ఇచ్చినా ఆ హక్కుకు బదులు కావు.

ఇష్టం లేకపోతే మానుకోవచ్చు గదా, ఎవరు బలవంతపెట్టారు అనే వాదం మిగిలివుంది. తెలంగాణ పల్లెల్లో ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీలకు కూడా ఒకప్పుడు ఇదే చెప్పారు. మీరు కార్మికులు కారు, ఇంట్లో తీరికవేళ పనిచేసుకునేవారు అన్నారు. బాగాలేవని బీడీలు పక్కన పారేసి కూలి కోసేవారు. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసే మనిషిని కూడా కార్మికురాలిగా గుర్తించింది. పారేసిన బీడీల మీద తగాదా వస్తే తీర్చడానికి ఒక అధికారి వుండాలని చెప్పింది. ఆ చట్టం తరువాత కొత్త కార్మిక స్మృతులలో కలిసిపోయింది. కాని అది అంగీకరించిన సూత్రం పాతబడలేదు: పని ఇంట్లో జరిగినా పనే, నాణ్యత పేర కూలి కోసేవాడు కారణం చెప్పి తీరాలి. పైగా మానుకోవడం అంత తేలికా? 140 భాగాలు చదివిన పాఠకులు ఆ సంస్థ దగ్గరే వున్నారు. రచయిత్రి గుమ్మం దాటితే వారు ఆమె వెంట రారు.

చట్టం ఈ వైపు కొద్దిగా కదిలింది. ఇంటింటికి సరుకులు చేర్చేవారి, కిరాయి బండ్లు నడిపేవారి పోరాటాల ఫలితంగా రాజస్థాన్ 2023లో ఇటువంటి కార్మికుల కోసం చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టం వర్తించే సేవల పట్టికలో రవాణా, ఆహారంతో పాటు రచన, ప్రసార సంబంధమైన సేవలు కూడా వున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో తన ముసాయిదా బిల్లును ప్రకటించింది. ఫోనులో ధారావాహిక రాసే స్త్రీ ఈ నిర్వచనాల్లోకి వస్తుందా? వస్తుందని వాదించవలసినవారు ఎవరు? బండి నడిపే సోదరుడు తన కోసం వీధికెక్కాడు. రచయితల కోసం కూడా అతడే వీధికెక్కాలని మనం ఎదురుచూస్తున్నామా?

మన కోరికలు ఆకాశాన్ని అంటేవి కావు. ఒకటి: చదువుకు ఎంత ఇస్తారో ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. రెండు: పద్ధతి మార్చదలిస్తే నెల ముందు తెలపాలి, కారణం చెప్పాలి. మూడు: ఒక్కొక్క రచనకు వచ్చిన చదువరుల లెక్క, చందాలో దాని వాటా రచయితకు చూపాలి; సంస్థతో సంబంధం లేని ఒక గణకుడు ఏటా ఆ లెక్క తనిఖీ చేయాలి. నాలుగు: రచయిత వెళ్లిపోదలిస్తే తన రచనను తీసుకుపోయే హక్కు, తన పాఠకులకు ఆ మాట తెలియజేసే హక్కు వుండాలి. ఇవి ఇచ్చినందువల్ల నిజాయితీగల ఏ సంస్థా మునిగిపోదు. వీటివల్ల మునిగిపోయే సంస్థ ఏదైనా వుంటే, అది ఇన్నాళ్లూ దేనిమీద తేలుతున్నదో అందరికీ తెలిసిపోతుంది.

రచయితల సంఘాలకు కూడా ఒక బాధ్యత వుంది. ఫోనులో రాసేవారిని రచయితలుగా లెక్కించక, వారికి సభ్యత్వం ఇవ్వక, వారి రచనలు చదవక, వారు బజారు పాలయ్యారని విచారించడం కపటం. జిల్లా శాఖలు వారిని పిలవాలి. వారి ధారావాహికలను మంచిచెడ్డలతో సహా విమర్శించాలి. వారి కూలి కాగితాలను కూడా అదే సభలో పరిశీలించాలి. శిల్పం గురించి ఆమెకు మనం చెప్పవలసింది కొంత వుంది. లెక్క అడగడం గురించి ఆమె దగ్గర మనం నేర్చుకోవలసింది అంతకంటె ఎక్కువ వుంది.