రేవు కూడా రహదారే

తీరప్రాంత పర్యాటకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇసుకతిన్నెల మీద విడిది గృహాల గురించే చర్చ సాగడం, అక్కడికి మనిషి తన కాళ్ల సత్తువతో చేరే దారి గురించి ఎవరూ పట్టించుకోకపోవడం కోనసీమకు చాలాకాలంగా జరుగుతున్న అన్యాయం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడివడుతుంది. ఈ మూడు పాయలనూ నీటి మీదనే దాటుకుంటూ కాకినాడ నుంచి నరసాపురం దాకా మూడు నాలుగు రోజుల్లో సైకిలు మీద వెళ్లవచ్చు: కోటిపల్లిలో గౌతమిని దాటితే ముక్తేశ్వరం, ఓడలరేవులో వైనతేయను దాటితే కరవాక, అంతర్వేది చూసుకుని సఖినేటిపల్లిలో వసిష్ఠను దాటితే నరసాపురం. ఈ రేవుల్లో పేరుపడినది పంటు, అంటే రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరిచిన వేదిక. బడిపిల్లలు, మోటారు సైకిళ్లు, సంతకు వెళ్లే సరుకులు అన్నీ ఎక్కే ఆ బల్లల మీద సైకిలుకు చోటు వెతుక్కోనక్కరలేదు.

ఈ దారిలో రోజుకెంత సాగాలో గాలి నిర్ణయిస్తుంది. గాలి నిరోధం, అంటే కదిలే వస్తువును గాలి వెనక్కి నెట్టే బలం, వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే ఆ బలం నాలుగింతలవుతుంది. నైరుతి రుతుపవన కాలంలో ఈ ప్రయాణమంతా ఎదురుగాలే, పైగా వరద వస్తే పంటులు ఆగిపోతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్యపు గాలి వెనుకనుంచి తోస్తుంది గాని, పొద్దు వాలే వేళకు సముద్రపు గాలి పక్కనుంచి విసురుతుంది. సరుగుడు తోటల చాటున తెలియని దాని బలం రేవు ఒడ్డుకు రాగానే తెలిసివస్తుంది.

గాలికి పంటు ఆగినప్పుడు ఒడ్డున నిలిచిపోయినవారికి కావలసినవి నీడ, మంచినీళ్లు, వేళలు రాసిన పలక. నీటి మీదికి వెళ్లే ప్రతి ఒక్కరికీ కావలసినది లైఫ్ జాకెట్. వీటికి పూచీపడే వ్యవస్థ బలహీనం, ఎందుకంటే రేవు పాట పేరుతో స్థానిక సంస్థలు దాటింపు హక్కును వేలం వేస్తాయి, ఎక్కువ పాడినవాడు ఆ సొమ్మును గడువులోగా రాబట్టుకోవాలి. రోడ్డును ప్రజా సౌకర్యంగా భావించే ప్రభుత్వం రేవును మాత్రం రాబడిగా లెక్కించడం సరికాదు. 2018 జులై 14న పశువుల్లంక వద్ద నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి పడవ తగిలి బడిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత కూడా రేవు పాటలో ముందుగా చూసేది మొత్తాన్నే అయితే అంతకంటే బాధాకరమైనది లేదు. కొంకణ తీరంలో దాభోళ్–ధోపావే, జయగఢ్–తవసాళ్ రేవుల్లో వేళలు పాటించి నడిచే పడవలు ముంబయి నుంచి గోవాకు తొక్కేవారికి ఆధారమవుతున్నాయి, ఆంధ్ర తీరంలో అది అసాధ్యమేమీ కాదు.

వంతెనలు రావాలి, రోగిని ఆస్పత్రికి చేర్చడానికి పంటు కోసం కాచుకునే పరిస్థితి ఉండకూడదు. అయితే చించినాడ, బోడసకుర్రు వంతెనల మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి లారీల దారి, అక్కడ సైకిలుకు మిగిలేది తెల్లగీత అవతలి అంచు మాత్రమే, కనుక వంతెనలు వచ్చినా సైకిలుకు రేవు అవసరం తీరదు.

రేవుల పట్ల ఉన్న నిర్లక్ష్యమే కాలువల పట్లా ఉంది. ధవళేశ్వరం వద్ద 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కింద తవ్విన కాలువలు పొలాలకు నీరిచ్చాయి, లాకుల మీదుగా, అంటే నీటిమట్టాన్ని ఎక్కించి దించే తలుపుల మీదుగా, పడవలనూ నడిపించాయి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువను 4వ జాతీయ జలమార్గంలో చేర్చినా మాటలన్నీ సరుకు రవాణా చుట్టూనే తిరిగాయి, చెట్ల వరుసలతో గాలిని అడ్డుకునే సమతలపు కాలువగట్లు ఆక్రమణలకూ చెత్తకూ మిగిలాయి. ఆ గట్లను సైకిళ్లకు బాగుచేయడానికి కొత్తగా భూసేకరణ అక్కరలేదు, చాలాచోట్ల అవి ఇప్పటికే జలవనరుల శాఖ అధీనంలో ఉన్నాయి.