ఒక్క ఫోటోలో మన పల్లె పట్టదు

మన పల్లెల్లో ఏదన్నా జరిగినప్పుడే ఫోటోలు తీసేవాళ్ళొస్తారు. ఇళ్ళు కాలితే వస్తారు, మనిషి చస్తే వస్తారు. కారు ఎక్కడ ఆగితే అక్కడే దిగుతారు, అంటే ఊరి చివర. అక్కణ్ణించే ఒక ఫోటో. ఏడుస్తున్న ఆడమనిషి, వెనక సగం కాలిన తాటాకు. మర్నాడు పేపర్లో అదే మన పల్లె. పల్లె దాకా రాకుండా ఆగిపోయిన సిమెంటు రోడ్డు అందులో ఉండదు. నిప్పు పెట్టించినవాడి మేడ అసలే ఉండదు. కెమెరా కొంచెం పక్కకి తిప్పితే రెండూ పడేవే. తిప్పలేదు.

ఇప్పుడు కెమెరా మన చేతికే వచ్చింది. సెల్లు లేని ఇల్లు లేదు. మరి మనమేం తీస్తున్నాం? విగ్రహం ముందు వరసగా నిలబడి గ్రూపు ఫోటో, దండ వేస్తుంటే ఇంకో ఫోటో. వద్దనటం లేదు, మేమూ దిగుతాం. కానీ మన పల్లె ఎలా ఉందో మనం కూడా తీయకపోతే ఎవడు తీస్తాడు?

మసూమి హయాషి అనే ఆవిడ పని చూశాక మాకు ఈ ఆలోచన గట్టిపడింది. జపానుతో యుద్ధం వచ్చిందని 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. పడమటి తీరంలోని జపాను సంతతి వాళ్ళని, దాదాపు 1,20,000 మందిని, ఇళ్ళూ పొలాలూ వదిలించి 10 క్యాంపుల్లో ముళ్ళకంచెల మధ్య పెట్టారు. మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. వాళ్ళు చేసిన తప్పేంటయ్యా అంటే, పుట్టుక. ఈ లెక్క మనకి కొత్తదా? హయాషి 1945లో అలాంటి క్యాంపులోనే, అరిజోనాలోని గీలా రివర్‌లో పుట్టింది. ఆ క్యాంపు కట్టింది కూడా ఆదివాసుల రిజర్వేషన్ భూమిలో, వాళ్ళు వద్దన్నా వినకుండా.

లోపలున్నవాళ్ళ దగ్గర కెమెరా ఉండకూడదన్నారు. టోయో మియటాకే అనే ఫోటోగ్రాఫరు ఒక లెన్సు దాచి తీసుకుపోయి, మాంజనార్ క్యాంపులో చెక్కపెట్టెతో కెమెరా చేసుకున్నాడు. పేరుమోసిన ఆన్సెల్ ఆడమ్స్‌ని 1943లో రానిచ్చారు గానీ, కాపలా బురుజులూ ముళ్ళతీగా తీయొద్దన్నారు. ఎవడి చేతిలో కెమెరా ఉండాలి, అందులో ఏం పడకూడదు అన్నది ఎప్పుడూ పైవాడే చెబుతాడు.

హయాషి పెద్దయ్యి క్లీవ్‌లాండ్‌లో యూనివర్సిటీ టీచరయ్యింది, మనలాగే పాఠాలు చెప్పుకునే మనిషి. 1990ల్లో ఆ క్యాంపుల చోట్లకి తిరిగి వెళ్ళింది. మిగిలింది సిమెంటు పునాదులూ తుప్పలూ. ఒక ఫోటో తీస్తే ఏముంది, బీడు. ఆమె స్టాండు మీద కెమెరా పెట్టి, కొంచెం తిప్పి ఒకటి, ఇంకొంచెం తిప్పి ఒకటి, చుట్టూ తీసింది. పైకెత్తి ఒక వరస, దించి ఒక వరస. ఆ ప్రింట్లన్నీ, కొన్నిటికి వంద పైగా, గళ్ళుగళ్ళుగా పక్కపక్కన అతికింది. అంతకుముందు 1982లోనే డేవిడ్ హాక్నీ అనే ఇంగ్లాండు చిత్రకారుడు పోలరాయిడ్ ఫోటోలు ఇలా గళ్ళుగా పేర్చాడు. కానీ హాక్నీ ఇంటినీ స్నేహితుల్నీ చూశాడు. హయాషి తను పుట్టిన జైలుని చూసింది. 2006లో చనిపోయింది.

సెల్లులో పనోరమా ఉంది కదా మేష్టారూ, ఒక్కసారి తిప్పితే పోలా, అని మా కుర్రాడొకడు అడిగాడు. పోదు. అది అతుకులు కనపడకుండా నున్నగా చేస్తుంది. మన అమ్మలు కుట్టిన బొంతలో ఏ ముక్క ఏ చీరదో తెలిసినట్టు, ఈ గళ్ళలో ఏ ముక్క ఎవరు తీశారో, అప్పుడు ఎండ ఎటుందో తెలుస్తుంది. ఒక్కో గడి దగ్గర ఆగి చూడాల్సిందే.

మొన్న ఆదివారం మా పల్లెలో పదిమంది పిల్లలతో చేశాం. నీళ్ళ ట్యాంకు దిమ్మ మీద కుర్చీ వేసి, దాని వీపుకి సెల్లు ఆనించి, సుద్దతో గుండ్రం గీసి 12 భాగాలు చేశాం. వరసకి 12, పైన ఆకాశం, మధ్యన ఇళ్ళు, కింద నేల, మొత్తం 36. జూము వాడకూడదు. ఒక ఫోటో అంచు పక్కదాంట్లో కొంచెం పడాలి. ప్రింటు రాగానే వెనక నంబరు వేసెయ్యాలి, లేకపోతే ఆకాశం ముక్కలన్నీ ఒకేలా ఉండి పిచ్చెక్కుతుంది. మాకెక్కింది. గోడపత్రికలకి వాడే మైదా జిగురు పూస్తే ఫోటో కాయితం ముడతలు పడిపోయింది. సగం మళ్ళీ ప్రింటు వేయించి, రెండువైపులా అంటుకునే టేపుతో అతికాం. చందా వేసుకున్న డబ్బు అక్కడికే సరిపోయింది.

మధ్య వరస 17, 18 గళ్ళు మన శ్మశానానికి పోయే డొంక. రెండేళ్ళ కిందట దాన్ని పొలంలో కలిపేసుకుని కంచె వేశారు. పిల్లలు అటు తిప్పేసరికి పొలంగలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. "మా పొలం ఫోటోలు మీకెందుకురా" అన్నాడు. సెల్లు దింపమని మేమే చెప్పాం. దానికి మా సంఘంలో కొందరు మమ్మల్ని తిట్టారు. తిట్టనీ. దెబ్బ పడితే పడేది పన్నెండేళ్ళ పిల్లాడి వీపు మీద. రాత్రి పోయి చాటుగా తీసి అతికిద్దాం అన్నారు ఇంకొందరు. వద్దన్నాం. మన పల్లెలో మన ట్యాంకు దిమ్మెక్కి ఫోటో తీసుకోటానికి దొంగతనమెందుకు?

అట్ట ఇప్పుడు కమ్యూనిటీ హాలు గోడకి ఉంది. ఆడవాళ్ళు సాయంత్రం వచ్చి ఎవరి గడప ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కుంటున్నారు. ఒక ముసలమ్మ కింది వరసలో బురద చూసి, "ఇంత బురదలో నడుస్తన్నామా అయ్యా మనం" అంది. రోజూ ఆ బురదలోంచే ఆమె నీళ్ళు మోసేది.

డొంక గురించి అర్జీ పెట్టేటప్పుడు ఈ అట్ట మోసుకెళదామని తీర్మానం చేశాం. చూసిన ఆఫీసరు ఆ రెండు గళ్ళూ ఖాళీ ఎందుకని అడుగుతాడు. అడగాలి. ఆ రోజు సెల్లు పట్టుకున్న పిల్లాడు తను చెబుతానంటున్నాడు. పక్క పల్లెల వాళ్ళు చేస్తామంటే మా పిల్లలు వచ్చి నేర్పుతారు. సుద్దముక్కా టేపూ మీరు తెచ్చుకోండి.