చట్టంలో ఉన్న జొన్న, సంచిలో లేని జొన్న

ఆరాంఘర్ కూడలిలో నిలబడితే మన వ్యవసాయ విధానం రెండు దారులుగా చీలి కనిపిస్తుంది. రాజేంద్రనగర్ వైపు మళ్ళితే వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల పరిశోధన సంస్థ. శంషాబాద్ వైపు సాగితే, ఐదువేల ఎకరాలకు పైగా భూమిలో 2008లో మొదలైన విమానాశ్రయం. పోయిన నేల ఎలాగూ తిరిగి రాదు. నా ప్రశ్నల్లా మిగిలిన మెట్ట చేల గురించే. రాజేంద్రనగర్‌లో జొన్న మీద ఇన్నేళ్ళుగా పరిశోధన జరుగుతున్నా, ఆ గింజ పక్కనే ఉన్న చౌకధరల దుకాణానికి ఎందుకు చేరదు?

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో 2 రూపాయల బియ్యం పథకాన్ని తక్కువ చేయలేను. గటక తాగి పనికి పోయిన ఇళ్ళలో వరి అన్నం పండుగనాటి భోజనం. అది రోజూ కంచంలోకి రావడం ఆకలి తీరడమే కాదు, ఒక గౌరవం కూడా.

అయితే ప్రభుత్వం ఏది పంచుతుందో దాన్నే కొంటుంది. ఏది కొంటుందో దాన్నే రైతు పండిస్తాడు. మద్దతు ధర ఇరవైకి పైగా పంటలకు ప్రకటిస్తారు. ఊరూరా కొనుగోలు కేంద్రం తెరిచేది మాత్రం వడ్లకే. కొనేవాడు లేని ధర కాగితం మీది ధరే కదా! దానికితోడు 2004 నుండి ఉచిత విద్యుత్తు. వాన మీద ఆధారపడ్డ రైతు కూడా అప్పుచేసి బోరు వేసి వరికి దిగాడు. బోరు ఎండితే మిగిలేది అప్పే.

2013 నాటి ఆహార భద్రతా చట్టం బియ్యాన్ని 3 రూపాయలకు, గోధుమలను 2 రూపాయలకు, ముతక ధాన్యాలను 1 రూపాయికి ఇవ్వమన్నది. 2023 నుండి అన్నీ ఉచితమే. ఆ ఏటినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. 2025లో తెలంగాణ రేషన్ బియ్యం సన్నబియ్యమయింది. జొన్న మాత్రం రాలేదు.

"ఇప్పుడు జొన్నలు ఎవరు తింటారండీ?" అంటారు. కర్ణాటకలో ప్రభుత్వమే రాగులూ జొన్నలూ కొని, ఏ ప్రాంతపు తిండిని బట్టి ఆ ప్రాంతపు రేషన్‌లో ఇస్తోంది. అంతదూరం ఎందుకు, మన జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే పడావు భూములకు అప్పిచ్చి, ఆ అప్పును జొన్నలుగా తిరిగి తీసుకుని, ఊరి పేదలకు తక్కువ ధరకు అమ్మాయి. ఊరి పంట ఊళ్ళోనే తిండి అయింది.

బియ్యం మానిపించమని కాదు నేననేది. మనిషికి ఇచ్చే 6 కిలోలలో, కోరినవారికి రెండు కిలోలు జొన్నలివ్వండి. ఆ జొన్నలను ఆ జిల్లా రైతు దగ్గరే మద్దతు ధరకు కొనండి. ముందు ఒక్క మెట్ట జిల్లాలో చేసి చూడండి.

నగరంలో చక్కెర వ్యాధికి భయపడి సంపన్నులు జొన్నపిండి ప్యాకెట్లు కొంటున్నారు. జొన్న పండించగల రైతేమో రేషన్ బియ్యం కోసం వరుసలో నిలబడుతున్నాడు. కడుపు నింపడం వరకే ఆహార భద్రత అనుకుంటే మనం గెలిచినట్టే. ఆ కడుపు నింపే నేలకూ, రైతుకూ భద్రత ఉండాలనుకుంటే, ఇంకా మొదలే పెట్టలేదు.