ఉత్సర్జనము లేని నిష్క్రమణము: సంవత్సర మధ్యమున గురువు ఏల వెడలిపోవుచున్నాడు?





గడచిన కార్తిక బహుళములో ఒకనాటి సాయంకాలము, ప్రదోషపూజ ముగిసి భక్తులు పలుచబడిన వేళ, ఒక ఉపాధ్యాయిని మా ఆలయమునకు వచ్చినది. మా ఊరి ప్రైవేటు పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు గణితము బోధించెడి తల్లి. వచ్చినప్పుడెల్ల తన విద్యార్థుల పేర్లన్నియు ఒక కాగితముపై వ్రాసి తెచ్చి, వారందరి పేర అర్చన చేయించుట ఆమెకు అలవాటు. ఆనాడు కాగితము తీయలేదు. తన గోత్రనామములు మాత్రమే చెప్పినది. కారణమడుగగా, "బడి మానేశానండి అయ్యగారూ, పది రోజులైంది" అన్నది.

నేను వెంటనే, "ఏడాది మధ్యలో పిల్లల్ని వదిలేయడం ధర్మమేనా అమ్మా?" అంటిని. ఆమె బదులు పలుకలేదు. తీర్థము పుచ్చుకొని, మంటపములో కొంతసేపు కూర్చుండి వెళ్లిపోయినది.

నా మాటలోని కాఠిన్యమునకు ఒక పాత కారణము కలదు. నాకు 13 ఏండ్ల ప్రాయమున మేము వేదపాఠశాలలో తైత్తిరీయ సంహితను అధ్యయనము చేయుచుంటిమి. 7 కాండములు, 44 ప్రశ్నములు గల సంహిత అది. నాల్గవ కాండములో నమకము పూర్తియై, తదుపరి వచ్చు ఆరవ ప్రశ్నములో నాలుగు అనువాకములు సంత చెప్పుకొంటిమి. ఐదవ అనువాకము మరునాడు మొదలు కావలెను. మరునాటి ఉదయము గురువుగారి పీట ఖాళీగా ఉన్నది. "ఊరికి వెళ్లినారు, వచ్చెదరు" అని నిర్వాహకులు చెప్పిరి. పక్షము గడచినది, మాసము గడచినది. మూడవ మాసమున వేరొక గురువుగారు వచ్చిరి. వారును గొప్ప విద్వాంసులే. కాని మా చెవులకు అలవడిన కంఠము వేరు, వారి కంఠము వేరు. ఆ ప్రశ్నము వద్దకు వచ్చుసరికి నా స్వరము చాలా కాలము తడబడుచుండెడిది. "నడుమ విడిచిపోయినారు" అన్న కినుక ముప్పది సంవత్సరములు నా మనస్సులో నిలిచినది. ఆ సాయంకాలము ఆమెపై పలికినది ఆ కినుకయే.

తరువాతి సోమవారము ఆమె మరల వచ్చినది. ఈమారు నేను ప్రశ్నింపక వింటిని. జూన్‌లో బడి తెరచినపుడు ఆమెకు దినమునకు ఐదు పీరియడ్లు. సెప్టెంబరులో ఇద్దరు సహోపాధ్యాయులు మానివేయగా, వారి తరగతులును ఆమెపైనే పడి ఏడు పీరియడ్లు అయినవి. ఇంటికి మోసికొని పోవు నోటుపుస్తకములు, రాత్రి పది గంటల వరకు తల్లిదండ్రుల వాట్సాప్ సందేశములు వీటికి అదనము. జీతము మాత్రము పెరుగలేదు. వేసవిలో అడ్మిషన్ల కొరకు గడపగడపకు తిరుగవలెను, ఇందరు పిల్లలను చేర్పింపవలెనని లెక్క ఇత్తురు. ఆ నెలలకు వేతనము లేదు. చేరిననాడు ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యము వద్దనే యున్నవి. అత్తగారికి శస్త్రచికిత్స జరిగి వారము దినములు సెలవు కోరగా, "అయితే మానేయండి" అన్నారట.

ఇంతయు ఆమె నిబ్బరముగనే చెప్పినది. కంఠము వణకినది చివరి మాట వద్ద. "పిల్లలకి ఒక్క మాట చెప్పి వస్తానన్నాను అయ్యగారూ. వద్దన్నారు. తల్లిదండ్రులకి తెలిస్తే గొడవవుతుందట. నేను సెలవులో ఉన్నానని, వచ్చే వారం వస్తానని పిల్లలకి చెప్తున్నారు." ఈ మాట విన్నపుడు నా చిన్ననాటి ఖాళీ పీట నాకు మరల కనబడినది. అప్పుడామె సంచిలోనుండి ఆ పేర్ల కాగితము తీసి నా చేతిలో పెట్టినది.

విద్యాసంవత్సర మధ్యమున ఉపాధ్యాయులు వెడలిపోవుటకు కారణము వారి చాంచల్యమని మనము సులువుగా తీర్పు చెప్పుదుము. కొంత విచారింపుడు. ఒకరు వెళ్లిన వెంటనే వేరొకరిని నియమింపక, ఆ భారమును మిగిలినవారిపై మోపుదురు. ఆ భారముచేత మరియొకరు వెళ్లుదురు. మొదటి నిష్క్రమణమే రెండవ నిష్క్రమణమునకు బీజమగుచున్నది. ఇది వ్యక్తిదోషము కాదు, వ్యవస్థాదోషము.

మరియొక కారణము ప్రభుత్వోద్యోగము. తెలంగాణలో 11,062 పోస్టులకు 2024లో జరిగిన డీఎస్సీ నియామకపత్రములను అక్టోబరు 9న అందజేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీకి 2025 ఏప్రిల్‌లో ప్రకటన వెలువడగా, నియామకపత్రములు సెప్టెంబరు 25న అందినవి. బడులు తెరచునది జూన్‌లో. పిలుపు వచ్చునది దసరా వేళకు. ఏండ్ల తరబడి నోటిఫికేషను కొరకు వేచి, పగలు ప్రైవేటు బడిలో పాఠము చెప్పి రాత్రులు చదువుకొన్నవారు, పిలుపు వచ్చిననాడు "ఏప్రిల్ వరకు ఆగెదను" అనగలరా? అట్లని వారిని నిందించుట అన్యాయము. నియామకములు వేసవిలో ముగియునట్లు చూడని ప్రభుత్వములకును, సుస్థిరమైన జీవిక చూపని యాజమాన్యములకును ఇందులో పాలు కలదు.

ఇచ్చట కొందరు పెద్దలు ఒక ఆక్షేపణ చేయుదురు. "గురుత్వము త్యాగరూపము కదా? వేతనమునకై విద్య చెప్పువానిని భృతకాధ్యాపకుడని స్మృతులు తక్కువ చేసినవి కదా?" అని. నిజమే, స్మృతులు అట్లు చెప్పినవి. కాని ఏ సమాజమునకు చెప్పినవి? విద్వాంసుల పోషణము రాజధర్మమైన సమాజమునకు. అగ్రహారములు దానముగా ఇచ్చిన సమాజమునకు. బ్రహ్మచారి భిక్షాపాత్రతో వచ్చినపుడు ఏ గృహిణియు లేదనని సమాజమునకు. గురువు వేతనమడుగని కాలములో గురువు ఇంటి పొయ్యి వెలుగుచున్నదా లేదా అని ఊరు విచారించెడిది. ఆ బాధ్యతను విడిచి, త్యాగమును మాత్రము గురువునుండి కోరుట ధర్మశాస్త్రము కాదు; అది ధర్మశాస్త్రమును అడ్డుపెట్టుకొన్న లోభము.

మనలో ఎందరో ఆవహంతీ హోమము చేయించియుందురు. ఆ మంత్రములు తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలోనివి. అందులో ప్రార్థించువాడు ఆచార్యుడు. ఏమి కోరుచున్నాడో గమనింపుడు. మొదట మేధను కోరును. పిదప వస్త్రములు, గోవులు, ఎల్లప్పుడును అన్నపానములు కోరును. ఆ తరువాతనే నలుదిక్కులనుండి శిష్యులు తన వద్దకు రావలెనని కోరును. మేధ లేనివానికి సంపద అనర్థహేతువని భాష్యకారులైన శంకర భగవత్పాదులు ఈ క్రమమును సమర్థించిరి. అట్లే ఇంకొక విషయమును ఈ క్రమములోనే మనము చూడవచ్చును: శిష్యులకంటె ముందు అన్నవస్త్రములు. బ్రహ్మవిద్యను ఉపదేశించు ఆచార్యుడు కూడ జీవికను కోరుటకు సిగ్గుపడలేదు. ఆ హోమమును శ్రద్ధతో చేయించుకొను మనము, మన పిల్లల గురువు తన జీతమడిగినపుడు ముఖము చిట్లించుట ఏమి న్యాయము?

గురువు ఇంటి ఆకలిని లోకము పట్టించుకొననపుడు ఏమగునో మహాభారతము చూపినది. తోటి బాలురు పాలు త్రాగుట చూచి అశ్వత్థామ ఏడ్చినాడు. వారు పిండి కలిపిన నీరు ఇయ్యగా, పాలు త్రాగితినని సంతోషముతో గంతులు వేసినాడు. అది చూచిన తండ్రి ద్రోణుని హృదయము బ్రద్దలైనది. అందుచేతనే ద్రుపదుని వద్దకు పోవుట, అవమానమునొందుట, తుదకు హస్తినాపుర కొలువులో చేరుట సంభవించినవి. ఆ కొలువు ద్రోణునికి అన్నము పెట్టినది, కాని బంధించినది. యుద్ధారంభమున తన ఆశీస్సులు కోరవచ్చిన ధర్మరాజుతో, కౌరవుల అర్థముచేత తాను బద్ధుడనైతినని ఆ ఆచార్యుడే చెప్పుకొనవలసి వచ్చినది. ధర్మము ఎటుందో ఎరిగియు ఆయన ఇటు నిలిచెను. సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి ఉపాధ్యాయులను నిలుపుకొనజూచు యాజమాన్యములు ఈ వృత్తాంతమును మననము చేయవలెను. బంధించిన గురువు దేహముతో తరగతిలో ఉండవచ్చును, మనస్సుతో ఉండడు.

ఇప్పుడు మా గురువుగారి మాట. పది పండ్రెండు సంవత్సరముల క్రిందట ఒక కుంభాభిషేకములో ఋత్విక్కుల పంక్తిలో వారిని చూచితిని. వృద్ధులైనారు. నమస్కరించి పేరు చెప్పగా గుర్తుపట్టిరి. నేను అడుగకయే చెప్పిరి: నాలుగు నెలలు సంభావన అందలేదు, అమ్మగారు నిండు గర్భిణి, అంగడివాడు అప్పు నిలిపివేసినాడు. పిల్లలకు చెప్పి వెళ్లెదనన్న, పిల్లలు చెదరిపోవుదురని నిర్వాహకులు వద్దనిరి. అందుచేత తెల్లవారకముందే బయలుదేరిరి. ఇదంతయు రెండు మాటలలో ముగించి, వారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆరో ప్రశ్నం ఐదో అనువాకం నీకు ఎవరు చెప్పార్రా?" నేను చెప్పితిని. "ఏదీ, చెప్పు" అని అచ్చటనే యాగశాల ప్రక్కన కూర్చుండబెట్టి, మిగిలిన ఐదు అనువాకములును నాచేత చెప్పించుకొనిరి. రెండు చోట్ల స్వరము సరిదిద్దిరి. ముప్పది సంవత్సరములు నేను మోసినది కినుక. వారు మోసినది ఆ అసంపూర్ణ పాఠము.

ఆచార్యుడు పూర్వరూపము, శిష్యుడు ఉత్తరరూపము, విద్య వారిరువురి సంధి అని శీక్షావల్లి ఉపదేశించుచున్నది. సంధి తెగినపుడు నొప్పి ఇరువైపుల ఉండును. వెడలిపోయిన గురువుకు నొప్పి లేదనుకొనుట మన అజ్ఞానము.

మన సంప్రదాయములో అధ్యయనమును ఆరంభించుటకు ఉపాకర్మ ఉన్నట్లే, నిలుపుటకు ఉత్సర్జనము కలదు. శ్రావణ పూర్ణిమనాడు ఆరంభించి, పుష్య మాఘములలో ఋషులకు తర్పణము విడిచి, విధిపూర్వకముగా అధ్యయనమును విరమింతురు. నడుమ పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వదినములు అనధ్యాయములు. ఆ విశ్రాంతి శిష్యునికే కాదు, గురువునకును. విరమించుట దోషమని పూర్వులు అనలేదు. విధి లేక, చెప్పక, చాటుగా విరమించుటయే దోషము. నేటి బడులలో ఆదివారపు తరగతులు కలవు, అనధ్యాయము లేదు. చేరిక కలదు, ఉత్సర్జనము లేదు.

కావున నా మనవి ఇది. వెళ్లక తప్పని ఉపాధ్యాయులారా, వెళ్లుడు. కాని శక్యమైనంతవరకు అర్ధసంవత్సర పరీక్షల వరకైన ఆగుడు. ఏ బాలుడు ఏ పాఠము వద్ద ఆగినాడో, ఎవరికి భిన్నములు రావో, ఎవరు అడుగుటకు భయపడుదురో ఒక పుస్తకములో వ్రాసి, వచ్చువారికి ఇచ్చి వెళ్లుడు. యాజమాన్యములారా, పండ్రెండు నెలల వేతనమిండు, సర్టిఫికెట్లు తిరిగి ఇండు, వెళ్లువారిని ఒక పూట పిల్లల ఎదుట నిలిచి ఆశీర్వదింపనిండు. పిల్లలకు అసత్యము చెప్పి బడిని నడుపుట సత్యమును మొదటి ఉపదేశముగా చెప్పిన దేశమునకు తగదు. తల్లిదండ్రులారా, బడిలో చేర్చుటకు ముందు ర్యాంకుల సంఖ్య అడుగుదురు. గత సంవత్సరము ఎందరు ఉపాధ్యాయులు మధ్యలో వెళ్లినారో కూడ అడుగుడు. గురుపూర్ణిమనాడు శాలువ కప్పుట మంచిదే. మిగిలిన దినములలో రాత్రి తొమ్మిది దాటిన పిదప వారికి ఫోను చేయకుండుట అంతకంటె మంచి గురుసేవ.

ఆనాడు ఆమె ఇచ్చిన కాగితములో 62 పేర్లున్నవి. అన్ని పేర్లకును అర్చన చేసితిని. ఆమె ప్రసాదము పుచ్చుకొనుచున్నపుడు, వెనుకటి సోమవారము నేనన్న మాటకు మన్నింపుమని కోరితిని. "ధర్మమేనా" అన్న ఆ ప్రశ్న అడుగదగినదే. అయితే దానిని ఆమెను అడుగుటకు ముందు నన్ను నేను, మా ఊరు తన్ను తాను అడుగవలసి యుండెను.

స్వస్తి.