అడవి లెక్క ఉపగ్రహం చెప్పింది, గ్రామసభ లెక్క ఎవరు చెప్పాలి?

అడవి తగ్గిందంటే మొదట వేలు చూపేది మన పోడు వైపే. ఊరికొచ్చే బీట్ ఆఫీసర్ దగ్గర్నుంచి పట్నంలో టీవీ చర్చల్లో కూర్చునే పెద్దమనిషి దాకా అందరిదీ ఒకటే పాట: ఆదివాసీ చేతికి అధికారం ఇస్తే అడవి మిగలదు. మన పెద్దలు దీనికి ఎన్నేళ్ల నుంచి జవాబు చెప్తున్నారో లెక్కలేదు. అయితే పెద్దల మాట ఆఫీసులో 'నమ్మకం' కింద పోతుంది. ఆఫీసర్ మాట మాత్రం 'సమాచారం' అయి ఫైలెక్కుతుంది.

ఇప్పుడు ఆ ఫైల్లో మనవైపు నుంచి పెట్టదగిన కాగితాలు రెండు వచ్చాయి. మనలో చదువుకున్న ప్రతి ఒక్కరూ వీటి గురించి తెలుసుకోవాలి. అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ అని రాజకీయ శాస్త్రంలో బాగా పేరున్న పత్రిక ఉంది. 2020లో సాద్ గుల్జార్, నికొలస్ హాస్, బెంజమిన్ పాస్క్వేల్ కలిసి అందులో ఒక పరిశోధన అచ్చువేశారు. 2024లో గుల్జార్, అపూర్వ లాల్, పాస్క్వేల్ ఇంకొకటి వేశారు. రెండూ మన ఐదో షెడ్యూల్ ప్రాంతాల మీదే. రెండూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, నిండా లెక్కలే. మన గూడేల గురించి రాసింది మన గూడేలకే చేరకపోవడం కొత్తేమీ కాదనుకోండి.

ముందు అడవి సంగతి. పీసా చట్టం 1996 డిసెంబర్‌లో వచ్చింది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలకే, వార్డు సీట్లలో కనీసం సగం ఎస్టీలకే. చట్టం ఒక్కరోజే వచ్చినా రాష్ట్రాలు అమలు చేసింది మాత్రం తలా ఒక ఏడాది. జార్ఖండ్‌లోనైతే 2010 దాకా పంచాయతీ ఎన్నికలే పెట్టలేదు. మనకు అన్యాయం చేసిన ఈ ఆలస్యమే పరిశోధకులకు కొలబద్ద అయింది. షెడ్యూల్ గీతకు లోపల ఉన్న ఊళ్లు, బయట ఉన్న ఊళ్లు తీసుకున్నారు. ఎన్నికలకు ముందు రెండు చోట్లా చెట్లు ఎలా ఉన్నాయి, తర్వాత ఎలా మారాయి అని ఏళ్ల తరబడి ఉపగ్రహ చిత్రాలతో పోల్చారు. వానలు బాగా పడి పచ్చదనం పెరిగితే రెండు వైపులా పెరగాలి గదా. ఒక వైపే ఎక్కువ మార్పు వచ్చిందంటే దాని వెనక వేరే కారణం ఉన్నట్టు.

మార్పు వచ్చింది. ఆదివాసీ ప్రాతినిధ్యం వచ్చిన చోట చెట్ల పందిరి పెరిగింది, నరికివేత వేగం తగ్గింది. ఇంకో ముఖ్యమైన సంగతి: గనులకు దగ్గరగా ఉన్న ఊళ్లలో ఈ మేలు ఎక్కువగా కనిపించింది. ఎందుకు అనే దగ్గర పరిశోధకులు ఆచితూచి మాట్లాడారు. జనం చేతికి పదవి వచ్చాక తమ బతుకుదెరువును కాపాడుకోగలిగారని, గనుల్లాంటి వ్యాపారాలకు అడవితో పొత్తు కుదరదు గానీ జనం బతుకుదెరువుకు కుదురుతుందని, ఆధారాలు ఆ వైపే చూపిస్తున్నాయని అన్నారు. మనకైతే అంత ఆచితూచి చెప్పాల్సిన అవసరం లేదు. 2013లో నియంగిరి కొండ మీద పన్నెండు గ్రామసభలు బాక్సైట్‌కు వద్దంటే వద్దన్నాయి. విశాఖ మన్యంలో జర్రెల కొండల కోసం 2015లో జీవో 97 తెస్తే జనం రోడ్డెక్కారు, 2019లో అది రద్దయింది. ఆ కొండల మీద ఇవాళ చెట్టు నిలబడి ఉందంటే ఏ హరిత పథకం పుణ్యమూ కాదు.

రెండో పరిశోధన నిజానికి ముందు వచ్చింది, కానీ నాకు అదే ఎక్కువ పదునుగా కనిపిస్తుంది. 2,17,000 ఊళ్ల సమాచారం తీసుకుని, సర్పంచ్ పదవులు ఎస్టీలకే ఉన్నచోట ఉపాధి హామీ పని ఎవరికి దొరికిందో చూశారు. ఎప్పుడూ వినిపించే ఎత్తిపొడుపు తెలిసిందే గదా: రిజర్వేషన్ సర్పంచ్ వస్తే పాలన పాడవుతుంది, మిగతా పేదలకు అన్యాయం జరుగుతుంది. మొత్తం మీద పని ఎక్కడా తగ్గలేదని తేలింది. ఎస్టీలకు బాగా లాభం జరిగింది. ఆ లాభం ఎస్సీల నోటి దగ్గర నుంచి లాక్కున్నది కాదు, అప్పటిదాకా తమ వాటా కంటే ఎక్కువ తింటున్న కలిగినోళ్ల నుంచి వచ్చింది. రోడ్లు, ఇతర సౌకర్యాలు కూడా మెరుగయ్యాయి. ఆదివాసీలు తమ జనాభాకు మించి తీసుకున్నారా అంటే అదీ లేదు. ఎవరి వాటా వాళ్లకు దగ్గరగా వచ్చింది, అంతే.

ఇది అచ్చయిన ఏడాది గుర్తుపెట్టుకోండి, 2020. అదే ఏడాది ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవో వల్లే కదా ఏజెన్సీ బడుల్లో మన భాష తెలిసిన మన పిల్లలు టీచర్లయ్యారు. నూరు శాతం రిజర్వేషన్ మిగతా వర్గాలకు, ఎస్సీలకు, బీసీలకు అన్యాయమని కోర్టు అన్నది. రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి 5 లక్షల ఖర్చులు కూడా వేసింది. ఆ తీర్పులో ఆదివాసీల జీవనాన్ని వర్ణించిన తీరు చదివితే, వందేళ్ల కిందటి తెల్లదొరల గెజిటీర్ చదువుతున్నట్టే ఉంటుంది. ఆదిమ జీవనమట, సాధారణ చట్టాలకు ఇమడని మనుషులట. అంత పెద్ద తీర్పులోకి ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎప్పుడో ఎవరో మన గురించి రాసిపెట్టిన రాతల నుంచే. అందుకే పరిశోధన మనకు సంబంధం లేని పెద్దల వ్యవహారం అనుకోవద్దని చెప్పేది.

ఒక జాగ్రత్త. టీచర్ ఉద్యోగం వేరు, సర్పంచ్ పదవి వేరు. ఈ పరిశోధన జీవో 3 సరైనదని నిరూపించిందని ఎవరైనా పోస్టు పెడితే, అవతలి లాయరు రెండు నిమిషాల్లో తీసిపారేస్తాడు. దీంతో మనం ఒక్క మాట గట్టిగా అడగొచ్చు: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రత్యేక ఏర్పాటు వల్ల ఇతర పేద వర్గాలు నష్టపోతాయని మీరు అనుకున్నారు, పంచాయతీల్లో లెక్కపెట్టి చూస్తే అది జరగలేదు, ఉద్యోగాల్లో జరిగిందని లెక్క ఉందా? ఉంటే చూపండి.

ఇక ఈ పరిశోధనలు చూడలేనివి. ఉపగ్రహానికి చెట్టు పందిరి కనిపిస్తుంది, అది ఎవరి చెట్టో కనిపించదు. విప్పచెట్టూ, పోడు భూమిని లాక్కుని ఫారెస్టోళ్లు వేసిన ప్లాంటేషనూ దానికి పచ్చచుక్కలే. అరకులో కాఫీకి నీడగా నాటిన సిల్వర్ ఓక్‌లూ అంతే. హరితహారం పేరుతో సాగుభూమిలో గుంతలు తవ్విన చోట పచ్చదనం పెరగొచ్చు, దాన్ని అడవి అంటామా?

మనుషుల లెక్కలోనూ ఇదే చిక్కు. ఎస్టీ అనే ఒక్క గడిలో అందరినీ వేశారు. కొలాం, తోటి, కొండరెడ్డి, చెంచు కుటుంబాలకు ఆ లాభంలో ఎంత దక్కిందో ఆ గడి చెప్పదు. సర్పంచ్ కుర్చీలో ఆదివాసీ, వెనక కుర్చీలో గిరిజనేతర వ్యాపారి ఉన్న ఊళ్లు మనకు తెలియనివా? కొన్ని చోట్ల చెక్కు మీద సంతకం మాత్రమే మనది. సగటు లెక్కలో అవన్నీ మునిగిపోతాయి.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటి. వీళ్లు కొలిచింది పదవుల్ని. పీసాకు ప్రాణం గ్రామసభ. భూసేకరణకు ముందు సంప్రదింపు, చిన్నతరహా ఖనిజాలు, అటవీ ఫలసాయం, అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించడం, సారా, సంత, వడ్డీ వ్యాపారం, వీటన్నిటి మీదా చట్టం గ్రామసభ పేరు రాసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి నియమాలు రావడానికే 2011 దాకా పట్టింది. ఉత్త కుర్చీ ఇస్తేనే అడవి ఇంత నిలబడితే, గ్రామసభకు రాసిచ్చిన అధికారం మొత్తం ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఆ పరీక్ష దేశంలో ఇంకా ఎవరూ చేయలేదు. చేయడానికి అలాంటి ఊళ్లు కూడా ఉండాలిగా. కాబట్టి రేపు ఏ మంత్రి అయినా ఈ పరిశోధన పట్టుకుని పీసా చక్కగా అమలవుతోంది చూడండి అంటే ఒప్పుకోవద్దు.

షెడ్యూల్ గీతకు బయట ఉండిపోయిన ఊళ్ల గురించి ఈ పత్రాలు చెప్పకనే చెప్పిన మాట ఒకటుంది. కృష్ణకు అటువైపు అమ్రాబాద్‌లోని చెంచుపెంటలకు ఐదో షెడ్యూల్ ఉంది. ఇటువైపు ప్రకాశం, కర్నూలు, గుంటూరు పాత జిల్లాల చెంచుగూడేలకు లేదు. మనుషులు ఒకటే, నల్లమల ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం కొండ ఊళ్లలోనూ వందల చోట్ల ఇదే కథ, షెడ్యూల్‌లో కలపమని ఏళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. పరిశోధకులకు గీత బయటి ఊరు పోలికకు పనికొచ్చే నమూనా. ఆ ఊరి మనిషికి మాత్రం అది తనకు రాకుండా పోయినదాని లెక్క. చెట్లు, పనిదినాలు, రోడ్లు, అన్నీ లెక్కగట్టి చూపించారు. నాన్ షెడ్యూల్డ్ గ్రామాల అర్జీలకు ఈ రెండు పత్రాల సారాంశాన్ని తెలుగులో రెండు పేజీలుగా జతచేయాలి. యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేస్తున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక వారం పెట్టుకుంటే అయ్యే పని. గోండి, కువి, కోయ మాటల్లో చెప్పిన ఆడియో కూడా ఉంటే ఇంకా మంచిది, గ్రామసభలో వినిపించొచ్చు.

మిగతా ఊళ్లోవాళ్లు చేయగలిగింది ఇంకోటుంది. గత మూడేళ్లలో మీ గ్రామసభ ఎన్నిసార్లు జరిగింది, ఎంతమంది సంతకాలున్నాయి, ఏ తీర్మానం చేశారు, దాని మీద ఐటీడీఏ ఏం చేసింది అని సమాచార హక్కు కింద అడగండి. చాలాచోట్ల రిజిస్టరే దొరకదు. రిజిస్టర్ లేదని రాతపూర్వకంగా ఇస్తే ఆ కాగితం పారేయకండి. మండలంలో పది ఊళ్లవి కలిపితే, ఉపగ్రహానికి కనిపించని ఆ లెక్క మన చేతిలోనే తయారవుతుంది.